దస్తూరికి హారన్

మహారాష్ట్రలోని సిరోంచలో బాను మేడం ముందు కోడిగీతలు గీసి తప్పించుకున్నవాళ్లు లేరు. ఒకసారి జ్వరమొచ్చి డాక్టరు దగ్గరికి వెళ్లి, మందుచీటీ చూసి జ్వరం సంగతే మరిచిపోయింది. చీటీ మళ్లీ రాయించుకుని గానీ కదలలేదు. పెళ్లి సంబంధం వచ్చినప్పుడు కూడా, ఫొటో తర్వాత చూద్దాం, అబ్బాయి రాసిన కాగితం ఏదైనా ఉంటే పంపండి అన్న మనిషి.

అలాంటామె మరాఠీ బడిలో నాలుగో తరగతికి ఇంగ్లీషు కలిపిరాత నేర్పుతోంది. వారానికి ఒక్క పీరియడ్. ఆ ఒక్కటీ ఇప్పుడు ఊడేలా ఉంది. హెడ్మాస్టరు భుజంగరావు సారుకు దాన్ని లెక్కలకు ఇచ్చేయాలని ఉంది. ఫోన్లొచ్చాక చేత్తో రాసేదెవరని ఆయన వాదన. ఆయన నోటీసు రాస్తే చదివిపెట్టడానికి మళ్లీ ఆయన్నే పిలవాలి, అది వేరే సంగతి. చుట్టుపక్కల బడులు చూసే కేంద్రప్రముఖ్ సారు వచ్చి పోయాక కొత్త టైంటేబుల్ రాస్తానని హెడ్మాస్టరు అన్నారు.

బాను మేడంకి ఆ పీరియడ్ అంటే ప్రాణం. కానీ పిల్లలు సాగనిస్తేగా. వాళ్ల చేతికి అలవాటైంది మరాఠీ రాత. అందులో అక్షరాలు దండెం మీది బట్టల్లా పై గీతకు వేలాడుతుంటాయి. ఇంగ్లీషు అక్షరాలు కలిపి రాయమంటే, విడివిడిగా రాసి, పైన పొడుగ్గా ఒక గీత కొట్టి, కలిసినయ్ గదా మేడం అన్నారు. గీత చెరిపిస్తే దండెం తెగినట్టు అన్నీ కుప్పకూలాయి.

మరాఠీలో మంచి దస్తూరిని వళణ్ ఉన్న రాత అంటారు. వళణ్ అంటే మలుపు. రాతలో వళణ్ రావాలని ఆమె మొత్తుకుంటుంటే, ముందు బెంచీలోంచి ఇరమ్ అనే పిల్ల లేచింది.

"వళణ్ అని అల్లపల్లి తొవ్వల బోర్డుంటది గదా మేడం. ఆడ బస్సు మెల్లగయి హారన్ కొడ్తది. మేమెట్ల కొట్టాలె?"

పిల్లలంతా గొల్లుమన్నారు. బాను మేడం నవ్వలేదు. ఆమె తండ్రి ముర్తుజా రిటైరయ్యేదాకా ఆ టేకు అడవి దారిలోనే బస్సు నడిపాడు. చిన్నప్పుడు సెలవుల్లో ఇంజను పక్కన కూర్చుని, ప్రతి మలుపులో ఆయన వేగం తగ్గించడం, హారన్ కొట్టడం చూస్తూ పెరిగింది. ఇన్నేళ్లుగా ఈ ముక్క తనకు తట్టనందుకు తన మీద కోపమూ, తండ్రి మీద ప్రేమా ఒక్కసారే పొంగుకొచ్చాయి. నోటితో కొట్టండి, కానీ మెల్లగా అని చెప్పింది.

ఇక చూడండి. పెన్సిలు మలుపు దగ్గరికి రాగానే నెమ్మదిస్తుంది, నోరు 'పాం' అంటుంది, అక్షరం గుండ్రంగా తిరిగి పక్కదాని చెయ్యి పట్టుకుంటుంది. వెనక్కి తిరిగే అక్షరం వస్తే కొందరు లారీ రివర్సు చప్పుడు కూడా చేశారు. నెల తిరక్కుండా దస్తూరి కుదిరింది. పక్కగదిలో భుజంగరావు సారు మాత్రం పరేషానై, ఇది బడా బస్టాండా అన్నారు. పెద్దసారు వచ్చిన రోజు ఒక్క పాం వినిపించినా ఊరుకునేది లేదన్నారు.

కేంద్రప్రముఖ్ ప్రేమ్‌సాగర్ సారు వచ్చిన రోజు పిల్లలు పెదవులు బిగించి రాశారు. మలుపు వచ్చినా పెన్సిళ్లు నెమ్మదించలేదు. అక్షరాలు ఒకదానిమీదొకటి ఎక్కాయి. ఆయన ఒక కాగితం ఎత్తి చూసి, వళణ్ ఏది మేడం అని అడిగారు. పీరియడ్ పోయినట్టేనని బాను మేడంకి ఏడుపొచ్చినంత పనైంది. మళ్లీ ఇరమే లేచింది.

"హారన్ బందు పెట్టిండ్రు సార్. హారన్ లేకుంటె వళణ్ కాడ టక్కర్ కాదా?"

ఆయనకు అర్థం కాలేదు. బాను మేడం తడబడుతూనే ఉన్నదంతా చెప్పింది. ఆయన వెంట వచ్చిన భుజంగరావు సారు కిటికీలోంచి చూడటానికి ఏదో వెతుక్కున్నారు. పొద్దున ఆ అల్లపల్లి దారిలోనే మోటారుసైకిల్ మీద వచ్చిన ప్రేమ్‌సాగర్ సారు పకపకా నవ్వి, అయితే కొట్టండి అన్నారు. గది గదంతా పాం పాం అంది. అక్షరాలు ఒక్కొక్కటీ ఒద్దికగా మలుపు తిరిగాయి. ఆయన చాలాసేపు నిలబడి చూశారు గానీ, వెళ్తూ పీరియడ్ గురించి మాత్రం ఒక్క మాటా అనలేదు.

సోమవారం గోడమీద కొత్త టైంటేబుల్ అంటించి ఉంది. బాను మేడం గుమ్మంలోంచే చూసింది, అక్కణ్నుంచే చదవగలిగింది కూడా. నాలుగో తరగతి, శుక్రవారం, దస్తూరి. ఒక్క అక్షరమూ పక్కదాన్ని గుద్దలేదు, మలుపులన్నీ గుండ్రంగా తిరిగాయి. కళ్లు తుడుచుకుని ఆఫీసు గదిలోకి వెళ్లి, ఇంత బాగా ఎట్ల రాసిండ్రు సార్ అని అడిగింది.

భుజంగరావు సారు రిజిస్టరులోంచి తలెత్తలేదు.

"తలుపు పెట్టుకొని రాసిన మేడం."