నీటిపిల్లి బోను తెరిచిన రోజు

కోనసీమ వేరే జిల్లా అయిన మరుసటి వేసవిలో నేను అమలాపురంలో పశుసంవర్ధక శాఖ సహాయ సంచాలకురాలిని. శాఖలో అందరూ ఏడీ అంటారు. మండలాల్లోని పశువైద్యులు నా కింద, జిల్లా అధికారి నా పైన. రిటైర్మెంట్ దగ్గర పడింది కాబట్టి ఎవరికీ అక్కర్లేని పనులన్నీ నా బల్ల మీదికే వచ్చేవి. అలా వచ్చిందే నీటిపిల్లుల సంఘం తనిఖీ.

నీటిపిల్లిని కొందరు బావురుపిల్లి అంటారు. ఊరపిల్లికి రెండింతలు ఉంటుంది, ఒంటి నిండా మచ్చలు, నీళ్ళలోకి దిగి చేపలు పడుతుంది. మడ అడవిని ఆనుకుని రొయ్యల చెరువులు తవ్వాక దానికి తిండి ఆ చెరువుల్లోనే దొరకసాగింది. రైతులు ఉచ్చులు పన్నేవారు, చచ్చిన చేపకి గుళికల మందు పట్టించి గట్టు మీద పడేసేవారు. ముమ్మిడివరం దాటాక సముద్రం వైపు ఒక ఊళ్ళో చిన్న చెరువుల వాళ్ళూ, చేపల వేటకి వెళ్ళే కుటుంబాల వాళ్ళూ కలిసి సంఘం పెట్టుకుని ఆ రెండూ మానేశారు. చెరువుల చుట్టూ వల కంచె కట్టారు. చెరువులో రొయ్యలు పట్టే రోజున మిగిలిన చిల్లర చేపని మడ వైపు గట్టు మీద పిల్లికి వదిలేసేవారు.

ఆ వలలకి హైదరాబాదులోని ఒక దాతృసంస్థ డబ్బు ఇచ్చింది. రెండో విడత విడుదల కావాలంటే ప్రభుత్వ పశువైద్యాధికారి స్వయంగా వెళ్ళి చూసి ధ్రువపత్రం ఇవ్వాలి. అప్పటికే పాత వలలు ఉప్పుగాలికి చీకిపోయాయి. ఈ విడత రాకపోతే మళ్ళీ గుళికలే గతి అని కొందరు రైతులు బాహాటంగానే అంటున్నారు.

దాతల బృందం వచ్చే రోజు నేను పొద్దున్నే వెళ్ళాను. సంఘం అధ్యక్షుడు నూకరాజు గారు ఎదురొచ్చి, నవ్వు మొహంతో మేత గోదాం వెనక్కి తీసుకెళ్ళారు. అక్కడ గోనెపట్టా కప్పిన ఇనుప బోను ఉంది. పట్టా ఎత్తితే లోపల నీటిపిల్లి.

నా ఒళ్ళు మండిపోయింది. సంగతేమిటంటే, దాతల తరఫు అధికారి ఫోనులో మాట్లాడుతూ, రక్షించిన జంతువు ఒక్కటైనా కనిపిస్తే బాగుంటుందనీ, దాన్ని బ్యానరు ముందు వదులుతూ ఫొటో తీయాలనీ అన్నారట. మావాళ్ళ మర్యాదలు ఎవరికి తెలియవు? వచ్చేవాళ్ళు నోరు తెరిచి అడిగితే లేదనడం వాళ్ళకి చేతకాదు. పక్క ఊళ్ళో కుక్కల్ని పట్టే బోను అడిగి తెచ్చి, చేప కట్టి, పిల్లిని పట్టేశారు.

"మరేం చెయ్యమంటారండీ? కొబ్బరిబొండం చేతిలో పెట్టి పంపేత్తే మన పనేంటో ఆళ్ళకెలా తెలుత్తాదండీ?" అన్నారు నూకరాజు గారు.

నేను కూర్చుని చూశాను. ఊచలు కొరికి మూతి చిట్లి రక్తం కారుతోంది. కాళ్ళూ నడకా బాగానే ఉన్నాయి. కానీ చనుమొనల చుట్టూ బొచ్చు పోయి, పాలు చేపుకొచ్చి పొట్ట కింద తడిసి ఉంది. పిల్లల తల్లి. పిల్లలు ఆ మడ పొదల్లో ఎక్కడో ఉన్నాయి. రోహిణీ కార్తె ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. కార్యక్రమం ఎప్పుడని అడిగితే సాయంత్రమట. సాయంత్రం వెలుతురు ఫొటోకి బాగుంటుందట.

వన్యప్రాణి చట్టంలో పులికి ఎంత రక్షణ ఉందో దీనికీ అంతే ఉంది. రాష్ట్రస్థాయి అధికారి రాతపూర్వక అనుమతి లేకుండా పట్టడం నేరం. అటవీ రేంజి అధికారికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. గాయం పెద్దది కాకపోతే అక్కడే వదిలేయమన్నారు, మనిషిని పంపి బోను తీసుకెళ్తామన్నారు.

నూకరాజు గారి మొహం మాడిపోయింది. ఎలాగూ వదిలేదే కదా, సాయంత్రం దాకా ఆగమని బతిమాలారు. మిగతావాళ్ళు చుట్టూ మూగారు. వలల డబ్బు పోతే మీరిస్తారా అని ఒకాయన నిలదీశారు. ఇవ్వలేనని చెప్పాను. నూకరాజు గారిని మాత్రం దగ్గరికి పిలిచి, వంగి దాని పొట్ట చూడమన్నాను. చూశారు. లేచి బోను ముందు నుంచి పక్కకి జరిగారు. నేను బోను తలుపు పైకి లాగాను. అది ఎవరి వంకా చూడకుండా గట్టు దిగి మడలోకి పోయింది.

మధ్యాహ్నం దాటాక బృందం వచ్చింది. అధికారి చాలా మర్యాదస్తుడు, అది ఒప్పుకోవాలి. పిల్లి ఏదని అడిగితే వదిలేశామన్నాను. కనీసం ఒక్క రక్షణ అయినా చూపించకపోతే రెండో విడతకి సిఫారసు చేయడం కష్టం మేడమ్ అన్నారు.

"రక్షించామండీ. మీ ఫొటో నుంచి," అన్నాను.

ఆయన నన్ను వదిలేసి నూకరాజు గారి వైపు తిరిగారు. తాము రెండు రోజులు రిసార్టులో ఉంటామనీ, ఈలోగా బోను మళ్ళీ పెట్టి చూడమనీ అన్నారు. సంఘం అంతా అధ్యక్షుడి మొహంలోకే చూస్తోంది. ఆయన ఆయ్ అని ఒప్పుకుంటే డబ్బు వస్తుంది. నేను చేయగలిగింది ఇక లేదు.

నూకరాజు గారు తువ్వాలుతో మెడ తుడుచుకున్నారు. "బోను ఫారెస్టోళ్ళు అట్టుకుపోయేరండీ. ఉన్నా పెట్టం లెండి. పొద్దున్న దాని పాలు చూసేనండీ నేను."

రెండో విడత రాలేదు. నా ధ్రువపత్రంలో జరిగినదంతా రాశాను, బోను సంగతితో సహా. మా శాఖ పైఅధికారులు నన్ను సంజాయిషీ అడిగారు. అందులోనూ అదే రాశాను, ఒక్క ముక్క వెనక్కి తీసుకోలేదు. ఆ ఏడాది వేట కుటుంబాల వాళ్ళు తమ పాత వలలు తెచ్చి అతుకులేసి కంచె నిలబెట్టారు. నేను రిటైరయ్యే వరకు ఆ గట్ల మీద గుళికల మందుకి చచ్చిన పిల్లి ఒక్కటీ నా దగ్గరికి పోస్టుమార్టంకి రాలేదు.

కొన్ని పనులు బాగా జరిగితే చూపించడానికి ఏమీ ఉండదు. డబ్బిచ్చేవారికి ఆ ముక్క ఓపిగ్గా చెప్పాలి. అర్థం కాకపోతే కొబ్బరిబొండం ఇచ్చి పంపేయాలి. వాళ్ళ కోసం బోను మాత్రం పెట్టకూడదు.