మిస్ వెర్నీస్ చెప్పిన పదకొండు వీధులు

మా వార్డులో మిస్ వెర్నీస్ హోల్‌కూమ్ తట్టని తలుపు లేదు. నలభై ఒక్క ఏళ్లు ఆమె మా బూత్‌కు పార్టీ ఇన్‌చార్జి. జీతం లేని పని అది. పగలు బడి వంటగదిలో పిల్లలకు భోజనం వడ్డించేది. సాయంత్రం నాలుగింటికి ఏప్రన్ విప్పేసి, ఓటర్ల జాబితా చంకలో పెట్టుకుని వీధిలోకి వచ్చేది. నేను అవే వీధుల్లో ఇరవై ఆరేళ్లుగా ఉత్తరాలు పంచుతున్నాను. ఏ ఇంటి నంబరు ఎక్కడుందో నాకు తెలుసు. ఆ ఇంట్లో ఎవరు ఎవరికి ఓటేశారో, ఎందుకు వేశారో ఆమెకు తెలుసు.

"నువ్వు గవర్నమెంటు ఉద్యోగివి గైన్స్, నీకు రాజకీయాలు కూడవు. సరేగానీ ఆ 214లో కొత్తగా దిగిందెవరు?" అని నన్ను దారిలో ఆపేది.

"చెప్పకూడదు మిస్ వెర్నీస్."

"చెప్పొద్దులే, తలూపు చాలు. మొగుడూ పెళ్లామా? ఇద్దరికీ పద్దెనిమిది నిండాయా?"

నేను తల ఊపేవాణ్ణి కాదు. ఆమె నా మొహం చూసే కనిపెట్టేసి, మర్నాటికి ఓటరు నమోదు కాగితాలతో ఆ గుమ్మం ఎక్కేది.

ఆమె ఏడేళ్ల పిల్లగా ఉన్నప్పుడు, 1950లో, వాళ్ల కుటుంబం దక్షిణాన అలబామా నుంచి ఉత్తరాన ఉన్న ఈ ఊరికి వచ్చింది. తండ్రి ఇనుము పోతపోసే కార్ఖానాలో చేరాడు. తల్లి లుయెల్లాను నల్లదని అక్కడ ఉన్నన్నాళ్లూ ఒక్కసారి కూడా ఓటు వేయనివ్వలేదు. ఇక్కడ వేయనిచ్చారు కానీ, వేసినా లాభం లేకుండా చేశారు. మా నల్లవాళ్ల ఇళ్లన్నీ ఒకదాని పక్కన ఒకటి ఉన్నా, నియోజకవర్గాల హద్దు గీతలు మాత్రం మమ్మల్ని మూడు నియోజకవర్గాల్లోకి చీల్చాయి. మూడింట్లోనూ మేము కొద్దిమందిమే. గెలిచిన ముగ్గురూ మా వైపు తొంగి చూసేవారు కాదు. అరవైల చివర్లో కొందరు కోర్టుకెక్కారు. తీర్పు మా వైపు వచ్చింది. గీతలు మళ్లీ గీశారు. మొట్టమొదటిసారి మా వాడొకడు దేశ చట్టసభ అయిన కాంగ్రెస్‌కు వెళ్లాడు. ఆ ఎన్నిక రోజు లుయెల్లా ఈస్టరుకు దాచుకున్న టోపీ పెట్టుకుని ఓటేయడానికి వెళ్లిందట. వెర్నీస్‌కు అప్పుడు పాతికేళ్లు. తల్లి చేయి పట్టుకుని వరుసలో నిలబడింది. ఈ పని వదలకూడదని అప్పుడే అనుకున్నానని నాతో చాలాసార్లు చెప్పింది.

అయితే ఆ నియోజకవర్గం మా ఒక్కళ్లది కాదు. ఉత్తరాన సరస్సు వైపు స్లోవీనియా, హంగరీ నుంచి వచ్చినవాళ్ల ఇళ్లు. మధ్యలో ఆసుపత్రి, విశ్వవిద్యాలయం. తరవాత పోర్టోరికో వాళ్లు వచ్చి పాత రైలు పట్టాల పక్కన దుకాణాలు పెట్టారు. వెర్నీస్‌కు అందరితోనూ పని ఉండేది. ఈస్టరు ముందు శుక్రవారాల్లో కాథలిక్ చర్చి నేలమాళిగలో చేప వేపుడు పెడతారు. తను వేరే శాఖ, బాప్టిస్టు అయినా ఒక్క శుక్రవారం తప్పేది కాదు. స్లోవీనియా ముసలమ్మల మధ్య కూర్చుని, వాళ్ల మోకాళ్ల నొప్పులన్నీ విని, లేచేటప్పటికి వాళ్ల చేత సరే అనిపించుకునేది.

ఎనభైల్లో కార్ఖానా మూతపడింది. జనం పోయారు. పదేళ్లకోసారి జనాభా లెక్కలు వచ్చేవి. ప్రతిసారీ మా దగ్గర తలలు తక్కువయ్యేవి. తక్కువైనంత మేరా గీత ఒక శివారును కలుపుకునేది, మళ్లీ ఇంకోదాన్ని కలుపుకునేది. గీత ఎటు సాగినా మా వార్డు మాత్రం నడుమనే ఉండేది.

డెస్మండ్ ప్రూయిట్ ఆమె దగ్గరికి తొంభై నాలుగులో వచ్చాడు. లా చదువుతున్నాడు. ఇస్త్రీ చొక్కా, సన్నటి మీసం. ఎన్నికల్లో పనిచేస్తానన్నాడు. ఆమె అతన్ని వెంటేసుకుని తిరిగింది.

"తలుపు తట్టాక రెండడుగులు వెనక్కి వెయ్యి. తీసినావిడకి నువ్వు మీదికొస్తున్నట్టు ఉండకూడదు," అని నేర్పింది. "పోగానే ఓటడక్కు. వాళ్లాయన ఒంట్లో ఎలా ఉందో అడుగు. అడిగి ఊరుకోకు, చెప్పేది విను."

అతను విన్నాడు. ముందు నగర కౌన్సిల్‌కు గెలిచాడు. పాత సభ్యుడు తప్పుకున్నాక కాంగ్రెస్‌కు గెలిచాడు. ప్రమాణ స్వీకారానికి మా వార్డు నుంచి రెండు బస్సులు వాషింగ్టన్ వెళ్లాయి. విందులో అతను మిస్ వెర్నీస్‌ను లేపి నిలబెట్టి, "నన్ను తయారుచేసింది ఈవిడ," అన్నాడు. ఆమె ఆ మాటకు తల దించుకుంది. తిరుగు ప్రయాణంలో మాత్రం దారి పొడుగునా అదే మాట చెప్పుకుంది.

పన్నెండేళ్లు గడిచాయి. అతను రావడం తగ్గింది. మా పిల్లల ఆటల కేంద్రం మూసేస్తుంటే మీటింగు పెట్టాం. మనిషిని పంపాడు గానీ తను రాలేదు. అప్పుడే టమార్ బీస్లీ అని నర్సుగా పనిచేసే ఒకావిడ పార్టీ లోపలి ఎన్నికలో అతని మీద పోటీకి నిలబడింది. ఓడిపోయింది కానీ అతన్ని భయపెట్టింది. మా వార్డులో అయితే ఆమెదే పైచేయి. మిస్ వెర్నీస్ మాత్రం అతన్ని విడిచిపెట్టలేదు. "మన బిడ్డే. కాస్త దారి తప్పాడు. చెవి పట్టుకుని తెచ్చుకుందాం," అనేది.

2021 వసంతంలో ఒక మధ్యాహ్నం అతనే వచ్చాడు. నేను ఉత్తరాలు వేస్తుంటే ఇంటి ముందు అతని కారుంది. వంటింటి కిటికీలోంచి ఇద్దరి నవ్వులూ వినిపించాయి. ఆ రోజేం జరిగిందో ఆమే తరవాత నాకు పూసగుచ్చినట్టు చెప్పింది.

"ఆంటీ, నా మీద కోపం ఏయే వీధుల్లో ఉందో చెప్పు. ఇల్లిల్లూ చెప్పు," అన్నాడట.

"ఎందుకు?"

"పోయి వాళ్ల గుమ్మంలో నిలబడతా. నువ్వు నేర్పిందేగా."

ఆమె పొంగిపోయింది. బల్ల మీద వార్డు పటం పరిచింది. రెండున్నర గంటలు చెప్పింది. బూత్ లెక్కలు ఎవరికైనా దొరుకుతాయి. వీధిలో ఏ వరస ఎటు మొగ్గిందో, ఎవరు చెబితే ఎవరు వింటారో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. పదకొండు వీధులు చూపించింది. తన సొంత లారెల్ వీధి దగ్గరికి వచ్చినప్పుడు, "తూర్పు వరస నీవాళ్లే. పడమటి వరసంతా టమార్ వైపు. ముందు ఎదురింటి ఒరీలియాని ఒప్పించు, ఆవిడ వెనక పదిమంది వస్తారు," అంది. అతను పెన్సిలుతో గుర్తులు పెట్టుకున్నాడు. చేప వేపుడు తిన్నాడు. పీచ్ పళ్ల తీపి వంటకం రెండోసారి వడ్డించుకున్నాడు. వెళ్తూ ఆమె నుదుటి మీద ముద్దు పెట్టాడు.

ఆ పదకొండు వీధుల్లో ఏ గుమ్మం ముందూ అతను నిలబడలేదు.

ఆ ఏడాది బయటికొచ్చిన జనాభా లెక్కల్లో మా రాష్ట్రానికి ఒక సీటు తగ్గింది. గీతలు గీసే శాసనసభలో మెజారిటీ అవతలి పార్టీది. శీతాకాలం రాకముందే కొత్త పటం పత్రికలో అచ్చయింది. మిస్ వెర్నీస్ పత్రికా, భూతద్దమూ పట్టుకుని మా వరండాలోకి వచ్చింది.

"గైన్స్, నా కళ్లు పాడయ్యాయేమో. నువ్వు చదువు."

చదివాను. మా వార్డులోంచి ఒక ముక్కను కోసి, సరస్సు వెంబడి తూర్పుకు అరవై మైళ్లు సాగే నియోజకవర్గంలో కలిపారు. ద్రాక్షతోటలు, పాడి పశువులు. అక్కడ అవతలి పార్టీ ఎప్పుడూ ఓడిపోదు. నేను ఒక్కో వీధి పేరూ చదువుతుంటే ఆమె వేళ్లు ముడుస్తోంది. పదకొండు. గీత లారెల్ వీధికి వచ్చేసరికి నడి రోడ్డు మీదుగా పోయింది. పడమటి వరస అటు, తూర్పు వరస ఇటు.

"ఇవి నేను చెప్పినవి," అంది. కుర్చీ చేతిని పట్టుకుని నెమ్మదిగా కూర్చుంది. "వరస కూడా మారలేదు. నేను చెప్పినవే."

తొమ్మిది రోజులు ప్రూయిట్ ఆఫీసుకు ఫోన్ చేసింది. సార్ మీటింగులో ఉన్నారన్నారు. పదో రోజు అతనే ఆమె ఇంటికి వచ్చాడు. నేనూ అక్కడే ఉండాలని ఆమె పట్టుబట్టింది.

"ఒక సీటు ఎలాగూ పోవాలి ఆంటీ," అన్నాడు అతను. "నేను అడ్డుపడితే మన సీటునే ముక్కలు చేసేవాళ్లు. ఒప్పుకున్నాను కాబట్టి మిగతాదైనా నిలిచింది."

"ఏ పదకొండు వీధులు కోయాలో వాళ్లకెవరు చెప్పారు?"

అతను టోపీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "టమార్ మళ్లీ నిలబడితే మనం చీలిపోతాం. చీలితే ఎవరికి లాభం?"

"నేనడిగింది అది కాదు. ఇదే బల్ల మీద వేలు పెట్టి చూపించాను నీకు. ఓట్లడగడానికి చూపించాను, డెస్మండ్. గెంటెయ్యడానికి కాదు."

"నీ ఇల్లు నా నియోజకవర్గంలోనే ఉంది. చూసుకోలేదా? ఎవరేమన్నా నీ వరస మీద చెయ్యి పడనివ్వలేదు."

అది ఉపకారమనే అతను నిజంగా నమ్మాడు. అతని మొహంలో నాకు కనబడింది.

"ఎదురింటివాళ్లని తీసేసి నన్నుంచావా?" అంది ఆమె. "ఇంక ఈ ఊళ్లో ఎవరైనా నమ్ముతారా, నాకేం తెలీదంటే? పదకొండు వీధులతో పాటు నన్నూ తోసేసి ఉంటే బాగుండేది నాయనా. లే. నీ కారు దగ్గరికి పో."

పొయ్యి మీద కుండ ఉడుకుతోంది. ఆ ఇంట్లోంచి అతను ఏమీ తినకుండా వెళ్లడం అదే మొదటిసారి.

అతను వెళ్లగానే ఆమె వీధి దాటింది. ఒరీలియా స్ట్రౌడ్‌తో ఆమెకు యాభై ఏళ్ల స్నేహం. ఒకళ్ల పిల్లలకు ఒకళ్లు జడలు వేశారు. ఒరీలియా వరండాలోనే ఉంది. మిస్ వెర్నీస్ మెట్ల కిందే నిలబడి మొత్తం చెప్పింది.

"పేరు పేరునా చెప్పావా?" అంది ఒరీలియా.

"చెప్పాను."

"నా పేరు కూడానా?"

"నీ పేరే ముందు చెప్పాను. నిన్ను ఒప్పించమని."

ఒరీలియా లేచి లోపలికి వెళ్లి జాలీ తలుపు వేసుకుంది.

రాష్ట్ర రాజధానిలో కొత్త పటం మీద విచారణ పెట్టారు. మనిషికి రెండు నిమిషాలు. మిస్ వెర్నీస్ చర్చికి వేసుకునే నీలం సూటు తొడుక్కుని వచ్చింది. కారు నేను నడిపాను. మైకు ముందు నిలబడి ఆమె కాగితం చూడకుండా మాట్లాడింది. "ఈ గీత నా వంటింట్లో గీశారు. ప్రూయిట్ గారు నన్నడిగారు, నేను చెప్పాను. ఏ ఇల్లు ఎవరిదో తెలిసినదాన్ని కాబట్టి అడిగారు. నా పొరుగువాళ్లని నా నోటితోనే బయటికి పంపించారు. మా అమ్మ లుయెల్లా..." అక్కడికి టైమైపోయింది. గంట మోగింది. అధ్యక్ష స్థానంలో ఉన్నాయన థాంక్యూ అన్నాడు.  వెనక వరసలో ప్రూయిట్ మనుషులు ఇద్దరు ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు.

పటం ఉన్నదున్నట్టు పాసయింది.

ఆమె బూత్ బాధ్యత వదిలేస్తూ మూడు వాక్యాల ఉత్తరం రాసింది. ఆ తరవాత వారానికి మూడు సాయంత్రాలు ఆ పదకొండు వీధుల్లో తలుపులు తట్టింది. తట్టి, రెండడుగులు వెనక్కి వేసి, తన తప్పు చెప్పింది. "మీ ఇల్లు చూపించింది నేనే. మోసపోయి చూపించాను, కానీ చూపించాను." కొందరు లోపలికి పిలిచి కాఫీ ఇచ్చారు. ఒకడు, "మళ్లీ జాబితా రాసుకోడానికొచ్చావా?" అన్నాడు. ఆమె పక్కింటి గుమ్మానికి నడిచింది. మంచు పడ్డాక కూడా తిరిగింది. డిసెంబరులో ఒక మెట్టు మీద జారి మణికట్టు విరిగితే, అప్పుడు ఆగింది.

టమార్ మళ్లీ నిలబడింది. ఆమె ఇల్లూ గీత అవతలే పడింది, అయినా పోటీకి చట్టం అడ్డురాలేదు. కానీ ఆమె బలమంతా ఆ పదకొండు వీధుల్లోనే, వాళ్లకేమో ఇప్పుడు ఆమెకు ఓటేసే హక్కు లేదు. ప్రూయిట్ వాళ్లు ఆమె ఇల్లు నియోజకవర్గం బయట ఉందని ఊరంతా కాగితాలు పంచారు. ఆ కాగితాలు కూడా నా సంచీలోనే వచ్చాయి, నేనే పంచాను. ఆమె చిత్తుగా ఓడిపోయింది. నవంబరులో జరిగిన అసలు ఎన్నికలో ప్రూయిట్ నూటికి ఎనభై ఓట్లతో గెలిచాడు. మిస్ వెర్నీస్ జీవితంలో మొదటిసారి ఓటు కాగితంలో కాంగ్రెస్ గడిని ఖాళీగా వదిలి, మిగతా కాగితం నింపి వచ్చింది. అతను ఆమెకు పుట్టినరోజు కార్డు పంపుతూనే ఉన్నాడు. అడ్రసు చూసి ఆమె విప్పకుండానే నాకు తిరిగిస్తుంది. పంపినవారికి అని ముద్ర వేసి నేను వెనక్కి పంపుతాను.

పోయిన ఏడాది మాజీ సైనికుడైన ఒరీలియా భర్త సైన్యం కాగితాల్లో ఏదో చిక్కొచ్చి, ఆసుపత్రిలో చికిత్స ఆగింది. ఇదివరకైతే పది నిమిషాల దూరంలో ఉన్న ప్రూయిట్ ఆఫీసులో ఎవరో ఒకరు చూసిపెట్టేవారు. ఇప్పుడు కొత్త నియోజకవర్గం సభ్యుడి ఆఫీసుకు అరవై మైళ్లు పోవాలి. ఒరీలియా కారు నడపదు. మిస్ వెర్నీస్ తన పాత బ్యూయిక్ కారు తీసి వాళ్లింటి ముందు ఆపింది. హారన్ కొట్టలేదు. ఒరీలియా చాలాసేపటికి బయటికి వచ్చి, కారు ముందు తలుపు దగ్గర ఒక క్షణం నిలబడి, వెనక సీట్లో కూర్చుంది. 

ఆ ఆఫీసులో గుమస్తా మర్యాదస్తురాలే. వాళ్ల వీధి పేరు రెండుసార్లు చెప్పించుకుని రాసుకుంది. తరవాత మిస్ వెర్నీస్ వైపు తిరిగి, "మీరూ మా నియోజకవర్గమేనా అమ్మా?" అంది.

"కాదు. నాది రోడ్డుకి అవతలి వరస."

"అయితే కాస్త బయట కూర్చోండి."

ఆమె వరండాలో బెంచీ మీద కూర్చుంది. ఎదురుగా పళ్లు కోసేసిన ద్రాక్షతోట, తీగలు కట్టిన కర్రలు వరసగా ఉన్నాయి. లోపల పని గంటన్నర పట్టింది. ఒరీలియా కాగితాలు చేత్తో పట్టుకుని బయటికొచ్చింది.

"అయిందా?" అంది మిస్ వెర్నీస్.

"చూస్తామన్నారు. మళ్లీ రమ్మన్నారు."

"ఎప్పుడు?"

"వచ్చే మంగళవారం." ఒరీలియా కారు వైపు చూసింది గాని ఆమె వైపు చూడలేదు. "తొమ్మిదింటికల్లా బయల్దేరాలి," అని, వెళ్లి వెనక తలుపు తీసుకుంది.