భుజం మీద చెయ్యి

బాటసింగారం పండ్ల మార్కెట్లో బత్తాయి లారీ ఎంత ఆలస్యంగా వచ్చినా లింగస్వామి గొంతు పెంచడు. హమాలీలను వరసలో నిలబెట్టి, ఎవరు ఎక్కడుండాలో వేలితో చూపిస్తాడంతే. కొత్త డ్రైవర్లు అతన్ని మార్కెట్ కమిటీ పెద్దమనిషేమో అనుకుని చేతులు కట్టుకుంటారు. నిజానికి అతను ఒక కమిషన్ ఏజెంటు దగ్గర సరుకు దింపించే మేస్త్రీ. ఆ అజమాయిషీ మార్కెట్లో అబ్బింది కాదు, మైదానంలో అబ్బింది. మూసారాంబాగ్ స్పోర్టింగ్ అనే ఫుట్‌బాల్ జట్టుకు అతను కెప్టెన్. నలభై దాటాక కూడా కెప్టెనే. హైదరాబాదులో ఫుట్‌బాల్ ఇంకా ఉందా అని అడిగేవాళ్లకు అతను జవాబు చెప్పడు, జాలిపడి ఊరుకుంటాడు.

అతని తండ్రి దశరథ నల్లగొండ పక్క పల్లె నుంచి బతుకుదెరువుకు వచ్చి, అప్పట్లో దిల్‌సుఖ్‌నగర్ పక్కన గడ్డిఅన్నారంలో ఉన్న పండ్ల మార్కెట్లో హమాలీగా కుదిరాడు. మార్కెట్ వెనకాలే కిరాయి గది. బడి వదలగానే లింగస్వామి లారీల చుట్టూ తిరిగేవాడు. ఒక ఎండాకాలం లారీ మీంచి పుచ్చకాయ ఒకటి జారింది. చేతులు చాపే వ్యవధి లేదు. పిల్లాడు పాదం చాచి, కాయ తగలగానే పాదాన్ని కూడా దానితో పాటే కిందికి దించి, పగలకుండా నేల మీద పెట్టాడు. పక్కన పుచ్చకాయలు బేరమాడుతున్న పట్టాభి సార్ ఆ పని చూసి బేరం మర్చిపోయాడు.

పట్టాభి సార్ అక్కడి సర్కారు బడిలో పీఈటీ. గుడివాడ వైపు మనిషి. ఇక్కడికొచ్చి ఎన్నేళ్లయినా ఆ యాస వదల్లేదు, వదిలించుకోవాలని అనుకోనూ లేదు.

"ఏరా అబ్బాయ్, అలా ఇంకోసారి చెయ్యగలవా?"

"కాయ పలిగితే మా నాయన తంతడు సార్."

"పగిలితే నేను కొనుక్కుంటాలేరా. కానివ్వు, చూద్దాం."

రెండోది కూడా పగల్లేదు. మూడోది పగిలింది. ఇద్దరూ లారీ నీడలో కూర్చుని దాన్ని తిన్నారు. మర్నాటి నుంచి లింగస్వామి బడిలో ఫుట్‌బాల్ ఆడాడు.

"బంతిని చూడకు, మోసపోతావు," అనేవాడు పట్టాభి సార్. "కాళ్లని అసలు చూడకు. అవన్నీ అబద్ధాలే. నడుం చూడు. నడుం ఎటు తిరిగితే మనిషి అటే పోవాలి, వాడికి వేరే దారి లేదు." లింగస్వామి ఈ పాఠాన్ని దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో సాధన చేశాడు. నిలబడ్డవాళ్ల నడుములు చూసి, ఎవరు ఎటు కదులుతారో ముందే కనిపెట్టేవాడు. ఒకాయన అపార్థం చేసుకుని చెప్పు తీసుకుని వెంటపడ్డాడు. ఆయన ఎటు తిరుగుతాడో కూడా నడుమే చెప్పింది కాబట్టి దొరక్కుండా తప్పించుకున్నాడు.

పదో తరగతి అయ్యాక పట్టాభి సార్ అతన్ని స్కూటర్ వెనక ఎక్కించుకుని మలక్‌పేట తీసుకెళ్లాడు. "నాకు తెలిసింది అయిపోయిందిరా. మిగతాది ఈయన దగ్గరుంది," అన్నాడు. తనకు తెలిసింది అయిపోయిందని శిష్యుడి ముందే ఒప్పుకునే గురువు ఎంతమందికి దొరుకుతాడు? లింగస్వామికి దొరికాడు. ఆ మాట తల్చుకుంటే ఈనాటికీ అతని కళ్లు తడుస్తాయి, దాచుకోడు.

మలక్‌పేటలో ఉన్నది ఖైసర్ సాబ్. పగలు గడియారాలు బాగుచేసేవాడు, పొద్దునా సాయంత్రం మూసారాంబాగ్ స్పోర్టింగ్‌కు కోచ్. ఆయన జట్టులో ఇంకెక్కడా లేని పద్ధతి ఒకటుండేది. ఆట మొదలయ్యాక ఎవర్ని బయటికి పిలవాలో కోచ్ చెప్పడు. కెప్టెనే తేల్చాలి. "మైదాన్ బయట నేను, లోపల కెప్టెన్. లోపలోని దమ్ము బయటోనికేం తెలుస్తది మియా?" అనేవాడాయన. బెంచీ వైపు సైగ చేసి ఊరుకుంటే కుదరదు. కెప్టెన్ ఆ ఆటగాడి దగ్గరికి స్వయంగా వెళ్లి, భుజం మీద చెయ్యి వేసి "జర దమ్ తీస్కో" అనాలి. విన్నవాడు ఎదురు చెప్పకూడదు, మూతి ముడుచుకోకూడదు, బయటికొచ్చి నీళ్లు తాగి కూర్చోవాలి. మిగతా క్లబ్బుల్లో కోచ్ కేకలేస్తాడు, బయటికొచ్చినవాడు కోపంతో నీళ్ల సీసాలను తంతాడు. ఖైసర్ సాబ్ దగ్గర సీసాలకు ఏ భయమూ ఉండేది కాదు.

లింగస్వామి డిఫెన్సులో మధ్యన నిలబడితే గోడ కట్టినట్టే. ఎక్కువ పరిగెత్తడు, అవసరం ఉండదు. బంతి వచ్చేసరికి అక్కడే ఉంటాడు. జట్టులో చాలామంది కంటే చిన్నవాడైనా ఖైసర్ సాబ్ అతన్నే కెప్టెన్ చేశాడు. చేసిన మొదటి సీజన్‌లోనే జట్టు నాకౌట్ ఫైనల్‌కు వెళ్లింది. సరిగ్గా అప్పుడే లింగస్వామికి పెళ్లి కుదిరింది.

పిల్ల స్వప్న, అల్మాస్‌గూడ. ఆమె అన్న జైపాల్ ఇదే జట్టులో లెఫ్ట్ బ్యాక్. సంబంధం తెచ్చిందీ అతనే. ఫైనల్ అయిన వారానికే వరపూజ. కాబోయే అల్లుడి ఆట చూద్దామని పిల్ల తల్లి, చిన్నమ్మలు, మేనత్తలు గ్యాలరీలో గంపెడు మురుకులతో కూర్చున్నారు. రెండో సగంలో జైపాల్ మోకాలు పట్టేసింది. అవతలి వింగర్ ప్రతిసారీ అటునుంచే దూసుకొస్తున్నాడు. ఏం చెయ్యాలో లింగస్వామికి తెలుసు. జైపాల్ దగ్గరికి నడిచాడు, చెయ్యి ఎత్తాడు, ఎత్తినవాడు గ్యాలరీ వైపు చూశాడు. అందరి ముందూ పిల్ల అన్నను బయటికి పంపడమా? ఆ చెయ్యి భుజం మీద కాకుండా వీపు మీద పడింది. "బాగాడుతున్నవ్ బావా," అని తట్టి వెనక్కి వచ్చేశాడు. ఆ తర్వాత కాసేపటికే జైపాల్ పక్క నుంచే గోల్ పడింది.

"షాదీ కుదిరింది, కప్పు పోయింది," అన్నాడు ఖైసర్ సాబ్. తిట్టలేదు. కానీ మరుసటి సీజన్ మొత్తం అతన్ని కెప్టెన్ అని పిలవలేదు, "అల్లుడు సాబ్" అని పిలిచాడు. "అల్లుడు సాబ్, టాస్‌కి పోండి. అల్లుడు సాబ్, చాయ్ తాగిండ్రా?" తిట్టినా బాగుండేదని లింగస్వామికి అనిపించేది.

ఆ తర్వాత అతని చెయ్యి తప్పు చోట పడలేదు. క్లబ్ కార్యదర్శి కొడుకును బయటికి పంపాడు, సొంత మేనల్లుడిని పంపాడు. చివరికి జైపాల్‌ను కూడా, అతని ఆఖరి మ్యాచ్‌లో, అత్తగారు చూస్తుండగానే పంపాడు. లింగస్వామి రాష్ట్ర జట్టు క్యాంపుదాకా వెళ్లొచ్చాడు గానీ జట్టులో చోటు రాలేదు. ఆటగాళ్లకు దొరికే ఉద్యోగాలూ దక్కలేదు. దానికి కుంగిపోయిన రోజు ఒక్కటీ లేదు. తను లేక ఆ జట్టే నష్టపోయిందని గట్టిగా నమ్మాడు, నమ్మి మార్కెట్ పనిలో చేరాడు. కాలం గడిచింది. పట్టాభి సార్ రిటైరై గుడివాడ వెళ్లి అక్కడే కన్నుమూశాడు. ఖైసర్ సాబ్‌కు పక్షవాతం వచ్చింది. జైపాల్ జట్టుకు మేనేజర్ అయ్యాడు. లింగస్వామి మాత్రం ఆడుతూనే ఉన్నాడు.

ఈ ఏడు జట్టుకు కలిసిరాలేదు. లీగ్‌లో ఆఖరి మ్యాచ్ మిగిలింది. ఓడిపోతే కింది డివిజన్‌కు జారిపోతారు, డ్రా చేసుకుంటే చాలు నిలబడతారు. కిందికి జారిన క్లబ్బు మళ్లీ లేవడం కష్టం, పిల్లలంతా వేరే జట్లకు వెళ్లిపోతారు. మ్యాచ్‌కు ముందు జైపాల్ బాటసింగారం వచ్చాడు. ఇద్దరూ ఖాళీ పెట్టెల మీద కూర్చున్నారు.

"బావా, ఒక మాట చెప్తా, కోపం చేస్కోకు. ఆ ఫైనల్ల నా మోకాలు పోయిందని నాకు ఎర్కనే."

"ఎర్కుంటే చెప్పొద్దా మరి?"

"ఎట్ల చెప్త? మా అమ్మ, చిన్నమ్మలు అందరు చూస్తున్నరు. నువ్వు దగ్గరికొస్తుంటే హమ్మయ్య అనుకున్న. నువ్వేమో బాగాడుతున్నవ్ అని ఈపు తట్టి పోతివి."

లింగస్వామికి నవ్వాగలేదు. జైపాల్ కూడా నవ్వాడు, నవ్వి ఆగాడు.

"ఆటల ఉన్నోడు తనంతట తాను చెప్పుకోలేడు బావా. గందుకే సాబ్ ఆ చెయ్యి పెట్టిండు. మల్ల నీ భుజం మీద ఎవడేస్తడు చెయ్యి?"

"నాకు అక్కర పడలే ఇంకా," అన్నాడు లింగస్వామి.

ఆ సాయంత్రం ఇంట్లో స్వప్న కూడా అదే పాట ఎత్తుకుంది. "నువ్వు ఆడితే నాకు సంతోషమే. ఎవడన్న నిన్ను దాటిపోతే మాత్రం నేను చూడలేను."

"నన్ను దాటేటోడు ఇంకా పుట్టలే."

"పుట్టిండు. ఏ బస్తీల ఉన్నడో మనకు తెల్వదు, అంతే."

సరూర్‌నగర్ గ్రౌండ్‌లో మ్యాచ్. ఖైసర్ సాబ్‌ను ఆటోలో తీసుకొచ్చి గీత పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. మొదటి సగంలో రెండు జట్లూ చెరో గోల్ చేశాయి. లింగస్వామి తలతో, ఛాతీతో, కాలితో వచ్చినవన్నీ వెనక్కి పంపించాడు. గ్యాలరీలో ఎవరో పేరు పెట్టి అరిచారు కూడా. చూశారా అనుకున్నాడు మనసులో.

రెండో సగంలో అవతలివాళ్లు ఒక పొట్టి కుర్రాణ్ణి దించారు. వాడు బంతి తీసుకుని నేరుగా లింగస్వామి మీదికే వచ్చాడు. కాళ్లు ఎడమకు తిప్పాడు. లింగస్వామి మోసపోలేదు, నడుం చూశాడు. కుడికి పోతాడని స్పష్టంగా తెలిసింది. తెలిసింది కళ్లకు. కాళ్లు వెళ్లేసరికి వాడు దాటిపోయాడు. గోల్‌కీపర్ అడ్డంపడి ఎలాగో ఆపాడు. కాసేపటికి వాడు మళ్లీ వచ్చాడు. మళ్లీ అదే నడుం, అదే కుడి. ఈసారి బంతి గోల్ కడ్డీకి కొట్టుకుని బయటికి పోయింది.

లింగస్వామి బెంచీ వైపు చూశాడు. అతని బదులు దిగాల్సిన శైలేందర్ లేచి నిలబడి ఉన్నాడు గానీ ఇటు చూడటం లేదు. జైపాల్ నేల చూస్తున్నాడు. ఖైసర్ సాబ్ బంతినే చూస్తున్నాడు. ఎవరూ నోరు తెరవరు. ఆ పద్ధతి అలాంటిది. ఇన్నేళ్లు దాన్ని నిలబెట్టినవాడు తనే.

ఇంకొక్క పావుగంట లాగేస్తే చాలనిపించింది. లాగగలను అని ఛాతీ చెప్పింది. లాగలేవు అని మోకాలు చెప్పింది. జీవితంలో మొదటిసారి అతను మోకాలి మాట విన్నాడు. విన్నాక చెప్పలేనంత బాధేసింది. ఆ బాధ తీరేదాకా ఆగితే గోల్ పడుతుందని కూడా తెలుసు.

బంతి బయటికి పోయినప్పుడు అతను మిడ్‌ఫీల్డ్‌లో ఆడే నాగార్జున దగ్గరికి నడిచాడు. జట్టులో తన తర్వాత మాట చెల్లేది అతనికే. నాగార్జున తననే బయటికి పంపుతున్నాడనుకుని భుజం వంచాడు. లింగస్వామి తన చేతికున్న కెప్టెన్ పట్టీ తీసి అతని చేతికి తొడిగాడు.

"ఇగ చెప్పు," అన్నాడు.

"ఏం చెప్పాలన్నా?"

"నాకు చెప్పు. కెప్టెన్‌వి నువ్వేగా."

నాగార్జునకు అర్థమైంది. ముఖం పాలిపోయింది. చెయ్యి ఎత్తి లింగస్వామి భుజం మీద వేశాడు. "అన్నా... జర దమ్ తీస్కో."

లింగస్వామి ఎదురు చెప్పలేదు. బయటికి నడిచాడు. శైలేందర్ లోపలికి పరిగెత్తాడు. గ్యాలరీలో చప్పట్లు మొదలయ్యాయి. అతను వాటిని పట్టించుకోకుండా నీళ్లు తాగి, ఖైసర్ సాబ్ కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు.

చివర్లో అవతలివాళ్లకు కార్నర్ వచ్చింది. లింగస్వామి అయితే జట్టునంతా గోల్ ముందుకు లాక్కొచ్చి నింపేసేవాడు. నాగార్జున అలా చెయ్యలేదు. ముందు వరసలో ఆడే ఇద్దరిని దూరంగా, సెంటర్ లైన్ దగ్గరే ఉండమని చేత్తో చూపించాడు. లింగస్వామి కూర్చోలేకపోయాడు. లేచి, "ఒరేయ్ నాగార్జునా, అందర్ని లోపలికి..." అని అరవబోయాడు. వంకరపోయిన చెయ్యి ఒకటి అతని చొక్కా పట్టుకుని లాగింది.

"చుప్," అన్నాడు ఖైసర్ సాబ్. మాట ముద్దముద్దగా వచ్చినా తెలిసింది. "కెప్టెన్ ఆడ ఉన్నడు, లోపల."

లింగస్వామి కూర్చున్నాడు. నోరు మూసుకుని కూర్చోవడం ఇంత కష్టమని అతనికి ఇప్పుడే తెలిసింది. ముందు వరస ఇద్దరికీ కాపలాగా అవతలివాళ్లు ముగ్గురు వెనక్కి పోవలసి వచ్చింది. గోల్ ముందు చోటు దొరికింది. శైలేందర్ ఎగిరి తలతో బంతిని దూరంగా కొట్టాడు, సెంటర్ లైన్ దగ్గరున్న ఇద్దరూ దాన్ని పట్టుకుని అవతలి మూలకు తీసుకుపోయారు. బంతి తిరిగి రాకముందే రెఫరీ విజిల్ ఊదాడు. డ్రా. జట్టు నిలబడింది.

అందరూ కేకలేస్తుంటే నాగార్జున పట్టీ విప్పుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. "ఇంద అన్నా, తీస్కో."

లింగస్వామి లేచి నిలబడ్డాడు. పట్టీ వైపు చూడలేదు, అతని ముఖం వైపు చూశాడు.

"ఆదివారం ప్రాక్టీస్ ఎన్నింటికి, కెప్టెన్?"

నాగార్జున విప్పబోతున్న చెయ్యి ఆగిపోయింది. "ఐదున్నరకన్నా. లేటొస్తే గ్రౌండ్ చుట్టూ ఉరకాలె," అనేసి నాలిక కరుచుకున్నాడు.

"ఉరుకుత," అన్నాడు లింగస్వామి.