వాంతి చేసుకోనివాళ్ళకే అండమాన్

ఆ రోజుల్లో నాకు రాయడం రాదు. ఈ సంగతి ఇన్నేళ్ళు రాయకపోవడానికి అంతకు మించిన కారణం లేదు. బందరు పక్కన మా చేపల పల్లెల్లో నా ఈడు ఆడపిల్లలు బడి గడప దాకా వెళ్ళింది తమ్ముళ్ళను దింపి రావడానికే. యాభై దాటాక, మా ఊరి తుఫాను షెల్టరులో మధ్యాహ్నం పూట ఒక టీచరమ్మ పెద్దవాళ్ళకు అక్షరాలు చెబుతుంటే వెళ్ళి కూర్చున్నాను. (మొదటి వారం కూర్చున్నది ఫ్యాను కోసమే. ఆ మాట ఆవిడకు ఇప్పటికీ చెప్పలేదు.) ఇప్పుడు చెయ్యి కాస్త తిరిగింది. మీకు జరిగింది ఏదైనా రాయండి అని టీచరమ్మ అంటే, పెళ్ళి గురించి రాయనా, పురుళ్ళ గురించి రాయనా అని ఆలోచించాను. అవన్నీ అందరికీ జరిగేవే. చలికాలంలో అండమాన్‌కు ప్రయాణం కట్టడం మాత్రం మా పల్లె ఆడవాళ్ళలో మాకే జరిగింది. ముందే చెప్పేస్తున్నాను, మేము అండమాన్ వెళ్ళలేదు. ఇప్పటికీ వెళ్ళలేదు. ఆ దీవుల వింతల కోసం చదివేవాళ్ళెవరైనా ఉంటే ఇక్కడే ఆగిపోవచ్చు.

అప్పటికి నాకు ఇరవై మూడో, ఇరవై నాలుగో. దివిసీమలో పుట్టి, పెళ్ళి చేసుకుని ఈ పల్లెకు వచ్చాను. మగవాళ్ళు తెచ్చిన చేపను ఎండబెట్టి, బుట్టల్లో సర్దుకుని, బందరులో రైలెక్కి గుడివాడ వెళ్ళి అమ్ముకొచ్చేవాళ్ళం. నేను, మా తోడికోడలు, మా వీధి చివరింటి రేడియో అక్క. (ఒకసారి మొదలుపెడితే ఆపే మీట లేదు కనుక ఆవిడకు ఆ పేరు.) పుష్యమాసం వచ్చిందంటే మంచు కమ్మేసి పొద్దున పదింటి దాకా పక్కింటి చూరు కనిపించదు. ఎండ లేనిదే చేప ఎండదు, చేప ఎండనిదే మాకు బేరం లేదు. ఆ పదిహేను రోజులూ మా చేతులకు పని ఉండేది కాదు, మా అత్త నోటికి మాత్రం తీరిక ఉండేది కాదు. సరిగ్గా ఆ రోజుల్లోనే, ఈ పల్లెలోనే ఇచ్చిన మా అక్క మొగుడు, మా అత్తకు వరసకు అల్లుడు, అండమాన్ నుంచి వచ్చాడు. అక్కడ చేపల పడవ మీద పనిచేసేవాడు. ఊరు ఊరంతా అతన్ని అండమాన్ బావ అనేది, వరసకు బాబాయి అని పిలవాల్సినవాళ్ళతో సహా.

ఆ ఏడు బావ ఒక ఫొటో తెచ్చాడు. అందులో బావ నడుము లోతు సముద్రంలో నిలబడి నవ్వుతున్నాడు. అందులో వింతేముంది అంటారేమో. నీళ్ళ అడుగున బావ కాలివేళ్ళు పదీ కనిపిస్తున్నాయి! నేను లెక్కపెట్టాను. మా తోడికోడలు లెక్కపెట్టింది. రేడియో అక్క రెండుసార్లు లెక్కపెట్టింది. మా బందరు సముద్రం చూసినవాళ్ళకు మా ఆశ్చర్యం అర్థమవుతుంది. మా సముద్రం పాలు ఎక్కువైన టీ రంగులో ఉంటుంది. చీలమండ లోతులో పాదం పెడితే ఇక ఆ పాదం మనది కాదు, బురదది. సముద్రమంటే అదే రంగనుకుని పెరిగినవాళ్ళం మేము.

"నీళ్ళు లేనిచోట నిలబడి తీయించుకున్నావు గదూ," అంది మా అత్త.

"ఒట్టు అత్తా. గాజు పలక మీద నిలబడ్డట్టే ఉంటది. అక్కడ చలి కూడా ఉండదు. పుష్యమాసంలోనే చెమటలు పోస్తయ్."

"చలికాలంలో చలి లేని ఊరా! ఒరే అల్లుడూ, కొయ్యి, నేను కాదన్ను. కానీ కాస్త తక్కువ కొయ్యి."

నాకు మాత్రం ఆ ఫొటో చూసిన దగ్గర్నుంచి అన్నం సయించలేదు. నా కాలివేళ్ళు పదీ ఒక్కసారి సముద్రం అడుగున చూసుకోవాలి. ఇంకేమీ వద్దు. బావ తిరిగి వెళ్ళేటప్పుడు మా అక్కను కూడా తీసుకెళ్తున్నాడు, మంచు రోజులు అయ్యేలోగా ఎవరో తెలిసినవాళ్ళతో తిరిగి పంపిస్తానంటున్నాడు. మేమూ వస్తామన్నాం ముగ్గురం. మద్రాసు దాకా రైలు, అక్కడి నుంచి మూడు పగళ్ళు మూడు రాత్రులు ఓడ. ఆ మధ్యాహ్నమే సర్దుడు మొదలైంది. మూడు రోజులంటే మా మగవాళ్ళు వేటకు తీసుకెళ్ళే సరంజామాయే మాకు తెలుసు కనుక బియ్యం, కిరసనాయిలు పొయ్యి, నీళ్ళ డబ్బా సిద్ధం చేశాం. ఉత్త చేతులతో పోకూడదని అక్కడివాళ్ళ కోసం రెండు బుట్టల ఎండుచేపలు కట్టాం. బావ తల పట్టుకున్నాడు. "చుట్టూ సముద్రం వదినా! వాళ్ళకి చేపలు లేవనుకున్నారా?" అంటే, "ఉంటే ఉండనీ. మన చేప రుచి వాళ్ళకెట్టా తెలుస్తది?" అంది రేడియో అక్క. దుప్పట్లు వద్దంటే వినకుండా తలా రెండు పెట్టుకున్నాం.

అన్నీ సర్దాక గుర్తొచ్చింది, అసలు ఆడవాళ్ళం పడవ ఎక్కకూడదు గదా అని. మా వాళ్ళలో అది పెద్ద కట్టడి. సముద్రంలో వేటకు పోయే పడవ మీద ఆడదాని పాదం పడకూడదు, వల తొక్కకూడదు. సముద్రం పెట్టిన అన్నమే తిని పెరిగాను, దాని మీద ఒక్క గజం వెళ్ళి ఎరగను. మరి ఓడ పడవేనా, కాదా? ఈ చిక్కు మా కులపెద్ద తీర్చాలి. ఆయన మా అత్తకు వరసకు మరిది, నాకు చిన మావయ్య. పాక కింద కూర్చుని వల అల్లుకుంటూ, తల ఎత్తకుండానే తీర్పులు చెప్పేవాడు. పల్లెలో సగం మంది అక్కడ పోగయ్యారు.

"ఓడ దేంతో చేత్తారు?" అన్నాడు మావయ్య.

"ఇనుంతో," అన్నాడు బావ.

"వలలుంటయ్యా?"

"ఉండవు."

"చేపలు పడతారా?"

"పట్టరు మావయ్యా. మనుషుల్ని ఎక్కించుకుని పోద్ది, అంతే."

"అయితే అది పడవెట్టా అయిందిరా? నీళ్ళ మీద బస్సు. ఎక్కొచ్చు."

నేను ఎగిరి గంతేయబోయాను. అంతలో మా అత్త లేచింది. "బాగానే ఉంది మరిదీ. ఈ పిల్ల గుడివాడ బస్సెక్కితే పెడన దాటకుండా కక్కుద్ది. అందుకనే రైల్లో పోతంది. మూడు రోజులు సముద్రం మీద కక్కితే పేగులు మిగులుతయ్యా? తిరిగొచ్చేది మనిషా, తోలా?"

మావయ్య మొదటిసారి అల్లిక ఆపాడు. "అదీ నిజమే," అన్నాడు. "రేపు మన పడవ మీద నీలం నీళ్ళ దాకా తిప్పుకు రండి. కక్కనోళ్ళు అండమాన్ పోతారు. కక్కినోళ్ళు ఇంట్లో ఉంటారు."

"ఆడోళ్ళను పడవెక్కిత్తావా?" అని ఎవరో గొణిగారు.

"వలలు దింపేయండి. వల లేనిది పడవేంటి, ఉత్త చెక్క."

మా అత్త వెంటనే, "నేనూ పోతా. కక్కి కక్కలేదంటారు వీళ్ళు," అంది. అలా పరీక్ష రాసేది ముగ్గురం, కాపలాకు ఒక అత్త.

మర్నాడు తెల్లవారి, మంచు కాస్త పలచబడ్డాక బయలుదేరాం. ఇంజను దగ్గర మా ఇంటాయన, చుక్కాని దగ్గర బావ. తోడికోడలు ఖాళీ కడుపైతే కక్కడానికి ఏముంటుంది అని పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. రేడియో అక్క, బరువు ఉంటే కదలదు అని గిన్నెడు చద్దన్నం తిని వచ్చింది. నేను బుగ్గన నిమ్మకాయ ఊరగాయ ముక్క పెట్టుకున్నాను. కాలవలో ఉన్నంతసేపు రేడియో అక్క అండమాన్‌లో ఏ చీర కట్టుకోవాలో చెబుతూనే ఉంది. కాలవ సముద్రంలో కలిసే మొగ దగ్గర మొదటి అల పడవను ఎత్తి దించింది. అక్క నోరు మూతపడింది. ఆవిడ మాట్లాడకుండా ఉండగా చూడటం నాకు అదే మొదలు. ఆ తర్వాత నోరు తెరిచింది గానీ మాట్లాడటానికి కాదు. ఇంకో గంటకు మా తోడికోడలు. ఖాళీ కడుపులోంచి కూడా ఏదో ఒకటి వస్తుందని ఆ రోజే తెలిసింది. మా అత్త పడవ మధ్యలో చీర బిగించి కూర్చుని, ఆకూ వక్కా నములుతూ, "రెండు," అని లెక్క చెప్పి నా వైపు తిరిగింది. నేను పళ్ళు బిగించి ఆకాశం చూస్తున్నాను. గొంతు దాకా వచ్చినదాన్ని ఎన్నిసార్లు వెనక్కి పంపానో ఆ దేవుడికే తెలుసు.

అప్పుడు బావ, "మరదలా, ముందుకు చూడు," అన్నాడు.

చూశాను. సముద్రం మీద ఒక గీత ఉంది. ఎవరో ఈ చివర నుంచి ఆ చివర దాకా తాడు పట్టి గీసినట్టు ఉంది. గీతకు ఇవతల మా టీ రంగు నీళ్ళు. అవతల ఆకుపచ్చ. పడవ ఆ గీత దాటుతుంటే ఏదో గుడి గడప దాటుతున్నట్టు నాకు తెలియకుండానే దణ్ణం పెట్టాను. ఇంకొంచెం దూరం పోయేసరికి ఆ ఆకుపచ్చ చిక్కబడి, చిక్కబడి నీలమైంది. మా ఇంటాయన ఇంజను ఆపేశాడు. ఒక్కసారిగా అంత నిశ్శబ్దం. చుట్టూ ఎటు చూసినా ఒడ్డు లేదు. ఎండ నీళ్ళ మీద ఆగకుండా లోపలికి దిగుతోంది, చూరులోంచి ఇంట్లోకి దిగినట్టు గీతలు గీతలుగా, ఎంత లోతుకో. ఆ లోతు చూస్తుంటే భయం వేయలేదు. గట్టిగా ఊపిరి తీస్తే చెదిరిపోతుందేమోనని మాత్రం అనిపించింది. మా అత్త నమలడం ఆపేసింది.

"రోజూ నువ్వు వచ్చేది ఇక్కడికా?" అని మా ఇంటాయనను అడిగాను.

"ఆఁ."

"ఇన్నేళ్ళలో ఒక్కసారైనా చెప్పలేదే!"

ఆయన నిజంగానే ఆలోచించాడు. "చెప్పడానికేముంది? నీళ్ళేగా," అన్నాడు.

నేను అంచు మీద నుంచి వంగి చెయ్యి నీళ్ళలో ముంచాను. గాజులు కనిపిస్తున్నాయి. గోళ్ళు కనిపిస్తున్నాయి. అరచేతిలో గీతలు కూడా కనిపిస్తున్నాయి. ఇంకా కిందికి, ఇంకా కిందికి చూడాలని తల బాగా వంచేశాను. ఊరగాయ ముక్క జారింది. దాని వెనకే పొద్దుటి నుంచి నేను వెనక్కి పంపినవన్నీ ఒక్క వరసలో వచ్చేశాయి. అంత శుభ్రమైన నీళ్ళలో! సిగ్గుతో కళ్ళు మూసుకోబోయి కూడా మూసుకోలేకపోయాను. ఎందుకంటే లోతులోంచి వేలెడంత చేపలు వెండి రవ్వల్లా పైకి లేచి వస్తున్నాయి. నా దాకా వచ్చి, నేనిచ్చింది నిక్షేపంగా తిని, తళుక్కున తిరిగి లోపలికి వెళ్ళిపోతుంటే, అవి మాయమయ్యే దాకా చూస్తూనే ఉన్నాను.

"మూడు," అంది మా అత్త. కానీ ఆ గొంతులో గెలిచినట్టు లేదు.

ఒడ్డున మావయ్య ఎదురు చూస్తున్నాడు. "ఎవరు నెగ్గారు?" అన్నాడు. బావ నవ్వు ఆపుకుంటూ మా అత్తను చూపించాడు. గొల్లున ఊరంతా నవ్వింది. "అయితే వదినా, అండమాన్ పోవాల్సింది నువ్వే," అన్నాడు మావయ్య. మా అత్త గిరుక్కున తిరిగి ఇంటికి నడిచింది. నేను అరుగు మీద పడుకుని ఏడుస్తుంటే గ్లాసుడు మజ్జిగ తెచ్చి పక్కన పెట్టింది.

"ఆ నీళ్ళు... అల్లుడి ఫొటోలో కంటే బాగున్నయ్యే," అంది మెల్లగా. "కక్కకుండా కాసేపు నోరు బిగబట్టుకుంటే నీ సొమ్మేం పోయింది? నేనొక్కదాన్నీ ఎట్టా పోతాననుకున్నావు?"

నేను ఏడుపు ఆపి ఆవిడ ముఖం చూశాను. రేపు మధ్యాహ్నం బావ ఎస్టీడీ బూత్ నుంచి మద్రాసుకు ఫోను చేసి ఓడకు పేర్లు చెప్పాలి. ఆలోపు ఏం చేయగలమో నాకు తోచలేదు. మా రేడియో అక్క, తోడికోడలు అయితే ఆ సాయంత్రానికే దుప్పట్లు విప్పేశారు.

అప్పటి నన్ను, ఆ అమ్మాయిని ఇప్పుడు తలుచుకుంటే నాకు నవ్వూ వస్తుంది, కాస్త అసూయ కూడా కలుగుతుంది. ఈ రోజు నేను ఏదైనా చేయాలంటే నలుగురిని అడుగుతాను, మోకాళ్ళను అడుగుతాను. తను ఎవరినీ అడగలేదు. మర్నాడు పొద్దున్నే లేచి, మంచులో ఎవరి కంటా పడకుండా రేవుకు వెళ్ళి, మోకాలి లోతు బురదలో నడిచి, వేటకు సిద్ధంగా ఉన్న మా పడవ ఎక్కి కూర్చుంది. (ఆ పూట కూడా కక్కి ఓడిపోయాననీ, బావ మా అక్కను మాత్రమే తీసుకుని రైలెక్కాడనీ ఇక్కడే చెప్పేస్తాను. తర్వాతి చలికాలాలు పురుళ్ళకే సరిపోయాయి.)

టీ తాగి వచ్చిన మా ఇంటాయన నన్ను చూసి కొయ్యబారిపోయాడు. "ఒసేయ్, దిగు! వలలున్నయ్."

"దింపుకోండి."

"పరీక్ష నిన్ననే అయిపోయింది గదే!"

"మళ్ళీ పెట్టండి."

పడవ చుట్టూ మగవాళ్ళు చేరారు. కులపెద్ద మావయ్య వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. ఎవరో పరుగున వెళ్ళి మా అత్తకు చెప్పారు. ఆవిడ బురదలో టపటపా అడుగులేస్తూ వస్తుంటే, జుట్టు పట్టుకుని దింపుతుందని అందరూ దారిచ్చారు. నేను పడవ అంచును గట్టిగా పట్టుకున్నాను. ఆవిడ దగ్గరికి వచ్చి, ఎవరి వైపూ చూడకుండా, కుచ్చెళ్ళు పైకి దోపుకుంది.

"చెయ్యియ్యవే," అంది.

నేను చెయ్యిచ్చి పైకి లాగాను.