సీతాఫలాల పెద్దగుట్ట

కోకాపేటలో మా అపార్ట్‌మెంట్ కింది దుకాణంలో సీతాఫలాలను ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టి అమ్ముతున్నారు. మూత తీయగానే వచ్చే ఆ మాగిన తియ్యటి వాసనకు ఎవరికైనా నోరూరుతుందేమో గాని, నాకు ఒళ్లు మండుతుంది.

తొంభైల చివరి సంవత్సరాల్లో మాదాపూర్ దాటితే అంతా రాళ్లూ రప్పలే. వాటన్నిటిలో ఎత్తయినది మా పెద్దగుట్ట. హిమాలయాలు చూసినవాళ్లు నవ్వుకుంటే నవ్వుకోనీ, మాకు అంతకు మించిన శిఖరం లేదు. వానలు వెనకబట్టే రోజుల్లో బండల సందుల్లో వాటంతటవే మొలిచిన సీతాఫలం చెట్లు కాయలతో వంగిపోయేవి, రాతి గుంటల్లో నిలిచిన నీళ్ల మీద తూనీగలు తిరిగేవి, మేము పావడాలు చిరిగేదాకా నున్నటి బండ మీంచి జారి ఇంటికెళ్లి తన్నులు తినేవాళ్లం. తొలికాయలు గుట్ట నెత్తిన పెట్టనిదే ఊళ్లో ఎవరూ పండు ముట్టేవారు కాదు. ఆ రోజు ఆడవాళ్లంతా రొట్టెలు నలిపి బెల్లం కలిపిన మలీద ముద్దలు మూట కట్టుకుని పైకెక్కేవాళ్లు. పదేళ్లు నిండని ఆడపిల్లలం మాత్రం సగం దారిలో ఏనుగుబండ దగ్గరే ఆగాలి. పైనుంచి గోల్కొండ కోటా, గండిపేట నీళ్లూ ఒకేసారి కనిపిస్తాయని దిగివచ్చినవాళ్లు చెబుతుంటే ఏడుపొచ్చేది.

నాకు పదేళ్లు నిండిన ఏడు నాయనమ్మ కొత్త పావడా కుట్టించింది. కాయలింకా పచ్చిగా ఉండగానే రోడ్డు పనులు చూసే కోస్తా ఆయన మా వాకిట్లోకి వచ్చాడు.

“వచ్చే వారం నుంచి గుట్ట పేలుస్తారండి. వెళ్లదలిస్తే ఈలోపే వెళ్లి రండి, మామ్మగారూ.”

సీతాఫలం కాయ మీది గీతలు తెల్లబడితే కన్ను తెరిచిందంటారు. అప్పుడే కోయాలి. నాయనమ్మ ఆయన్ని వింతగా చూసింది.

“కండ్లు తెరువని కాయ గుట్టకెట్ల పెడ్తం? తాతల నాటి గుట్ట, ఏడికి పోతది?”

నేను కాళ్లావేళ్లా పడ్డా వినలేదు. మరుసటి వారం ఇంట్లో గిన్నెలు అదిరాయి. కాయలు కన్ను తెరిచాక అందరం వెళ్లేసరికి గుట్టకు తల లేదు, ఏనుగుబండ లేదు, నోట్లోకి రాతిదుమ్ము కొట్టింది. నాయనమ్మ కాయలను కంకరకుప్ప మీద పెట్టి అక్కడే కూలబడింది. ఆమె మీద కోపం ఎన్నడో చల్లారింది. గుట్టను పిండి చేసి, దానికి అభివృద్ధి అని పేరు పెట్టినవాళ్ల మీద మాత్రం చల్లారలేదు, చల్లారదు కూడా.

మొన్న మా ఆఫీసులో హిమాలయ శిఖరం ఎక్కడానికి పేర్లిమ్మని అడిగారు. శిఖరం మీద నిలబడితే మనిషి మారిపోతాడట! ఇన్ని గుట్టలు మింగి, ఎక్కడానికి ఇంకొకరి కొండ కావాలా వీళ్లకి? నేను పేరివ్వలేదు. మా ఆఫీసు కట్టింది పెద్దగుట్ట ఉన్నచోటే. గుట్టను చదును చేసినా సరిపోలేదు, బండలోకి ఇంకా తొలిచి కార్లకు సెల్లార్ కట్టారు. నేను పైకెక్కాల్సిన చోట, రోజూ పొద్దున్నే కిందికి దిగుతున్నాను.