ఫాదర్ మా ఆవిడను అడిగిన ప్రశ్న

సంసారంలో ఉంటూనే సన్యాసుల నియమాలు పాటించే గృహస్థుల కోసం మా కతోలికుల్లో ఒక సభ ఉంది. ఒమాన్‌లోని సలాలాలో రెండేళ్ళు దానికోసం తయారయ్యాను. పోర్టులో డ్యూటీ అయ్యాక గది తలుపు వేసుకుని ప్రార్థన, బుధ, శుక్రవారాలు ఉపవాసం, మిగతా రోజుల్లో భోజనం దగ్గర మౌనం. నన్ను మించిన భక్తుడు ఒమాన్‌లోనే లేడనుకునేవాణ్ణి.

సభ నియమాలు పాటిస్తానని మాట ఇవ్వడానికి వారం ముందు, శుక్రవారం పూజ అయ్యాక ఫాదర్ నన్నూ మా ఆవిడనూ కూర్చోబెట్టారు. పెళ్ళయినవాణ్ణి చేర్చుకునే ముందు భార్యను అడగడం ఆనవాయితీ. లాంఛనమేలే అనుకున్నాను.

"ఇంట్లో ఎలా ఉంటాడమ్మా?"

"మంచివారే ఫాదర్. ఇంట్లోనే మఠం కట్టుకున్నారు. నేనే ఇంకా గేటు బయట ఉన్నాను. నాతో నాలుగు మాటలు మాట్లాడి ఎన్నాళ్ళయిందో ఆయన్నే అడగండి."

మెచ్చుకుంటుందని చూస్తున్న నాకు కోపంతో చెవులు వేడెక్కాయి. ఎదురు చెబుదామని, ఆమెతో మాట్లాడిన రోజొకటి గుర్తు చేసుకోబోయాను. ఒక్క రోజు కూడా గుర్తుకు రాలేదు.

ఫాదర్ నా దరఖాస్తు మడిచి ఆమె చేతిలో పెట్టారు.

"నువ్వు ఇది తెచ్చిచ్చిన రోజున ఇతన్ని చేర్చుకుంటానమ్మా."

ఏడాది దాటింది. అది ఇంకా ఆమె బీరువాలోనే ఉంది.