సీసం గొట్టం, నా కుడిచెయ్యి

ఆ పొద్దున ఇప్పపూల కుండ కలుపుతుంటే గరిటె జారిపోయింది. అందుకోబోతే మణికట్టు పైకి లేవలేదు. కొన్ని నెలలుగా కడుపులో మెలిపెట్టే నొప్పి ఉండనే ఉంది. వేడి చేసిందిలే అని మజ్జిగ తాగి ఊరుకున్నాను. చెయ్యి వేలాడిపోయాక మాత్రం నిజంగా భయం వేసింది.

మాది గద్వాల పక్కన ఊరు. ఇంటి పెరట్లోనే సంస్థానం అనుమతి ఉన్న సారా బట్టి. మా ఆయన అమ్మడమే గాని కాచడం ఎరగడు. కాచేది నేను. నా సారాకు వనపర్తి దాకా పేరుంది. ఆ చెయ్యి పోతే బట్టి పోయినట్టే.

పైగా ఊరి మాటలు. "కాచేది తాగకుంటదా? సారానే చెయ్యి తిన్నది" అన్నారు. గద్వాల డాక్టరూ అంతే. "నీ పెండ్లాం తాగుతదా? ఇది ఆల్కహాలిక్ న్యూరైటిస్, తాగుడుతో నరాలు చెడ్డయి" అన్నాడు మా ఆయనతో.

"నాలుకకు చుక్క తగలనియ్యలే. వాసనతోనే ఘాటు చెప్త" అన్నాను. డాక్టరు నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

రైలెక్కి కర్నూలు పోయాం. అక్కడి పెద్ద డాక్టరు నా కింది పెదవి లాగి చూశాడు. చిగుళ్ల అంచున నీలిగీత ఉందట.

"బ్లూ లైన్. లెడ్ పాయిజనింగ్ అమ్మా ఇది. ఒంట్లో సీసం చేరింది. చేతికి వచ్చింది రిస్ట్ డ్రాప్, మణికట్టు వాలిపోవడం."

"సారాతోని కాదు గద?"

"కాదు."

రోగం పేరు విని అంత సంబరపడ్డ మనిషిని ఆయన చూసి ఉండడు.

ఇంట్లో సీసం ఏముందని అడిగాడు. బావిగట్టు తొట్టి నుంచి బట్టికి నీళ్లు తెచ్చే గొట్టం సీసందే. వెదురు కుళ్లుతుంది, ఇనుప తుప్పుకు సారా రంగు మారుతుంది, సీసమైతే చేత్తో వంచితే వంగుతుందని నేనే ఏరికోరి పట్నం నుంచి తెప్పించాను. "ఆ నీళ్లు మేము తాగం సార్, తాగేటియి బావిల చేదుకుంటం" అన్నాను. ఆయనకు కారణం అందలేదు. కాల్షియం, పాలు, పరగడుపున భేదిమందు రాశాడు.

"పరగడుపున అంటే ఎల్లమ్మ తీర్థానికి ముందా, తర్వాతనా సార్?" అని అడిగాను.

ఆయన కలం ఆగింది. "ఏం తీర్థం?"

మా ఇంట్లో పొయ్యి రాజేసే ముందు బట్టికి వచ్చే మొదటి నీళ్లు చెంబుతో పట్టి, ఎల్లమ్మకు చూపి, కాచే మనిషి తాగాలి. తీర్థాన్ని తాగే నీళ్లలో ఎవరు లెక్కేస్తారు?

"రాత్రంతా సీసంలో నిలవున్న నీళ్లు అవి. పగలు పారే నీళ్లలో అంత చేరదు. ఆ చెంబు నువ్వొక్కదానివే తాగావు" అన్నాడు.

ఇంటికొచ్చిన రోజే గొట్టం పీకించాను. చేతికి చెక్క కట్టారు. తగ్గిందనుకున్న కడుపునొప్పి మళ్లీ వచ్చింది. ఎముకల్లో దాగిన సీసం బయటికి వస్తోందన్నాడు డాక్టరు. ఆ రోజు ఏడ్చాను.

"బట్టి ఎవరికన్న ఇచ్చేద్దమా?" అన్నాడు మా ఆయన.

"పోయింది నా చెయ్యి. ముక్కు పోలే. గరిటె పట్టు" అన్నాను.

పీట వేసుకుని కూర్చుని వాసన చూసి చెబుతుంటే ఆయన కలిపాడు. చెమటలు కక్కాడు పాపం. సారా తేడా ఎవరూ కనిపెట్టలేదు.

కొత్త గొట్టానికి రాగి చూపించారు, ఇంక ఏ లోహమూ వద్దన్నాను. కుమ్మరితో మట్టి గొట్టాలు కాల్పించి సున్నంతో అతికించాను. పెరట్లోకి వచ్చే బండి చక్రం కింద పగిలితే పగలనీ, మళ్లీ కాల్పించుకుంటాం.

చిటికెన వేలు ఇంకా మొండికేస్తుంది గాని గరిటె మళ్లీ నాదే. మొదటి చెంబు ఎల్లమ్మ రాయి మీదే పోస్తాను, నేను తాగను. ఆమెకేం కోపం రాలేదు.

చదివేవాళ్లకు ఒక్కటే చెబుతాను. ఏం తాగుతారని డాక్టరు అడిగితే గొంతు దిగేదల్లా చెప్పండి. తీర్థం, విభూతి నీళ్లు, తాయెత్తు కడిగిన నీళ్లు, అన్నీ. దేవుడిది కదా అని వదిలేయకండి. నేను చెప్పాను కాబట్టే ఈ నాలుగు ముక్కలు కుడిచేత్తో రాశాను.